వేసవి పరిశోధనకు వెలిగండ్ల ప్రశ్నలు

భారత వైద్య పరిశోధనా మండలివారు వైద్యవిద్యార్థులకు స్వల్పకాలిక పరిశోధనా వేతనముల నొసంగు పద్ధతిని 1979వ సంవత్సరమున నారంభించిరి. ఈ పద్ధతి ననుసరించి ఎం.బి.బి.యస్. గాని బి.డి.యస్. గాని చదువుచున్న విద్యార్థి తన కళాశాలలోని యధ్యాపకు నొకరిని మార్గదర్శిగా గైకొని, రెండు మాసములలో ముగియదగిన చిన్న పరిశోధన నొకదానిని ప్రతిపాదించి, అనుమతి బడసి, దానిని నెరవేర్చి నివేదిక సమర్పించినయెడల, మండలివారు వేతనమును యోగ్యతాపత్రమును నొసంగుదురు. ఇట్టి యవకాశ మొకటి కలదని మన చదువరులలో ననేకులు వినియుండరు. వినినవారు సైతము ఇది కళాశాల గోడల లోపలి వ్యవహారమనియు, పల్లెలతో దీనికి బనిలేదనియు దలచుచున్నారు. ఈ తలంపు సరికాదనియు, వెలిగండ్లవంటి గ్రామములకు దీనితో మిక్కిలి దగ్గఱి సంబంధము కలదనియు మేము విన్నవింప దలచితిమి.

ఆ సంబంధము క్రొత్తది కాదు. నేడు ప్రకాశము జిల్లా యని మన మెఱిగిన జిల్లా 1970లో నేర్పడుటకు పూర్వము కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు నెల్లూరు జిల్లాలోనివి. ఆ జిల్లా పల్లెలలో పిల్లల పండ్లు గారపట్టినట్లు మచ్చలుపడుటయు, నడివయస్సు రాకముందే పెద్దలకు వెన్నును మెడయు బిగిసిపోవుటయు చెన్నపట్టణపు వైద్యుల దృష్టికి వచ్చెను. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటువారు ఆ నీటిని పరీక్షించిరి. షార్ట్, పండిట్, రాఘవాచారి యను మువ్వురు 1937లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ వ్యాధినిగూర్చి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్యాసమును ప్రకటించిరి. ఎముకల కీడు గలిగించు ఈ వ్యాధికి నీటిలోని ఫ్లోరైడే కారణమని మన దేశమున వ్రాతపూర్వకముగ మొట్టమొదట దెలిపిన రచనలలో నిది యొకటి. దేశమంతయు నెఱిగిన యీ వ్యాధికి వైద్యగ్రంథములలో దొలుత పేరు తెచ్చినది మన నీరే.

చదువరులు గమనింపవలసిన మఱియొక సంగతి కలదు. ఆ మువ్వురిలో నొకరైన చింతామణ గోవింద పండిట్‌గారే, పూర్వపు ఇండియన్ రిసర్చి ఫండ్ అసోసియేషన్ 1949లో భారత వైద్య పరిశోధనా మండలిగా మాఱినప్పుడు దానికి బ్రథమ సంచాలకులై నడపినవారు. నేడు విద్యార్థులకు వేతనము లొసంగుచున్నది ఆ మండలియే. కనుక మా ప్రాంతపు విద్యార్థి యొకడు మా నీటినిగూర్చి యొక ప్రశ్నను వ్రాసికొని ఆ మండలికి దరఖాస్తు పెట్టుట పరాయివారి గడప ద్రొక్కుట కాదు. ఆ సంస్థకు దొలి నాయకుడైన పండితునికి విద్య గఱపిన పొలములనుండి తిరిగి పిలుపు పోవుట మాత్రమే.

1937 మొదలు నేటికి ఎనుబది యేండ్లు దాటినవి. ఆనాడు తెలిసిన సత్యము ఈ పల్లెల కేమి చేసినది? పరాయి ప్రభుత్వము నాటి శాస్త్రజ్ఞులు చూచిరి, కొలిచిరి, వ్రాసిరి. ఆ వ్రాత ఇంగ్లీషున ముద్రితమై గ్రంథాలయముల కేగెను. బావి నీరు ద్రాగు వానికి దెలుగున జెప్పినవారు లేరు. స్వరాజ్యము వచ్చిన పిమ్మటనైనను ఈ దారి పూర్తిగ మాఱలేదు. నమూనాలు పల్లెనుండి పట్టణమునకు బోవుచున్నవి. ఫలితములు పట్టణమునుండి పల్లెకు మరల వచ్చుట యరుదు. ఈ లోపమును దీర్చుటకు బెద్ద సంస్థలకంటె ఆ పల్లె బిడ్డయైన విద్యార్థియే సమర్థుడని మా యభిప్రాయము.

వ్యాధి స్వభావమును గొంత వివరింపవలసియున్నది. కనిగిరి చుట్టుపట్ల గ్రానైటు రాతిలో ఫ్లోరైటు ఖనిజము కలదని భూగర్భశాస్త్రజ్ఞు లెఱుగుదురు. వానలు కొఱత, ఎండలు మెండు. భూగర్భజలము రాతి పగుళ్లలో బహుకాలము నిలిచి, క్షారగుణము హెచ్చి, సున్నపుపాలు తగ్గి, రాతినుండి ఫ్లోరైడును దనలో గలుపుకొనును. పూర్వము మెట్టబావుల పైనీటితో దీరిన యవసరము, కఱవుల వెంట గఱవులు వచ్చి బోరు లోతు పెఱుగుటతో రాతి నీటిమీద బడినది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేఱు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాములవఱకు సహింపవచ్చుననియు భారత ప్రమాణములు చెప్పుచున్నవి. ప్రపంచారోగ్య సంస్థ చెప్పిన హద్దును 1.5 మిల్లీగ్రాములే.

ఈ విషమునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నీటిని గాచిన యెడల సూక్ష్మక్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు; పైగా నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. గుడ్డ వడపోతకును అది లొంగదు. కాచిన నీరు సర్వరోగనివారిణి యని నమ్మిన యిల్లాలికి ఈ యొక్క ముక్క చెప్పువా రెవ్వరు? శాశ్వతదంతముల పింగాణి రూపొందునది సుమారు ఎనిమిదేండ్ల ప్రాయములోపలనే. ఆ వయస్సులో ద్రాగిన నీటి సాక్ష్యము జీవితాంతము పండ్లపై నిలిచియుండును. ఎముకలపై దాని పని మెల్లన జరుగును. మొదట నడుము నొప్పి, పిమ్మట మెడ తిప్పలేమి, చివరకు వంగిన వెన్ను, కొందఱికి నరములు నొక్కుకొని కాళ్లు పడిపోవుట. ఎముకలు ముదిరి బిగిసిన పిమ్మట దానిని వెనుకకు మరల్చు మందు లేదు. నివారణమే చికిత్స.

ప్రయత్నములు జరుగలేదని మే మనుట లేదు. పటికయు సున్నమును గలిపి ఫ్లోరైడును దీయు నల్లగొండ పద్ధతిని నాగపురములోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థవారు రూపొందించిరి. నల్లగొండలోని వ్యాధినిగూర్చి సిద్దిఖీగారు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసిరి. నరములపై దీని ప్రభావమును హైదరాబాదు వైద్యులు డి. రాజారెడ్డిగారు విశదపఱచిరి. 2008-09లో కేంద్రప్రభుత్వమువారు ఫ్లోరోసిస్ నివారణ నియంత్రణముల జాతీయ కార్యక్రమమును ప్రారంభించిరి. 2019లో జల జీవన్ మిషన్ మొదలయ్యెను. కృష్ణా జలములను నల్లమల సొరంగములగుండ దెచ్చు పూల సుబ్బయ్య వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగెను, 43.5 టి.యం.సి.ల నీరు దాని లక్ష్యము. ఊళ్లలో నీటిశుద్ధి ప్లాంట్లు వెలసినవి. క్యానులు ఇంటింటికి వచ్చుచున్నవి.

ఇన్ని జరిగినను కొన్ని చిన్న ప్రశ్నలకు సమాధానము దొరకవలసియే యున్నది. ఆ ప్రశ్నలు చిన్నవి గనుకనే పెద్దసంస్థల కంటబడవు; చిన్నవి గనుకనే రెండు మాసముల విద్యార్థికి సరిపోవును. వానిలో గొన్నిటిని ఇచట బేర్కొందుము.

మొదటిది: ఊరిలో ప్లాంటు నీరు వచ్చిన సంవత్సర మెల్లరకు దెలియును. ఆ సంవత్సరమునకు ముందు పుట్టిన పిల్లలకును, పిమ్మట బుట్టిన పిల్లలకును పండ్లపై మచ్చలలో భేదమున్నదా? 1942లో డీన్‌గారు సవరించి ప్రకటించిన కొలమానమును బట్టి బడిపిల్లల పండ్లను జూచి యంకెలు వేసికొనుట దంతవైద్య విద్యార్థికి నేర్పదగిన విద్యయే. భేదము లేనియెడల క్యాను నీటిపై ఊరంతయు బెట్టుచున్న సొమ్మున కర్థమేమి?

రెండవది: త్రాగుటకు క్యాను నీరు, వంటకు బోరు నీరు వాడు నిండ్లెన్ని? అన్నము, పప్పు, సంగటి ఉడికించుటలో ఒంటబట్టు ఫ్లోరైడెంత? టీ యాకులోను ఫ్లోరైడున్నది. దినమునకు నాలుగుమారులు బోరు నీటితో టీ ద్రాగువాని లెక్క వేఱు. పొలమున గూలికేగిన వారు ఇంటి నీరు దీసికొనిపోవుచున్నారా, పొలము బోరు నీరే ద్రాగుచున్నారా? ఎండలో పనిచేయువాడు ఇంటిపట్టున నుండువానికంటె రెండింతలు నీరు ద్రాగును. ప్రమాణములలోని యంకె యెల్లరకు నొక్కటే యైనను ఒంటికి బోవు విషము సమానము కాదు.

మూడవది: శుద్ధియంత్రము విడిచిన మురికినీటిలో ఫ్లోరైడు మఱింత చిక్కబడియుండును. ఆ నీ రెక్కడికి బోవుచున్నది? పశువులు దానిని ద్రాగుచున్నవా? ఆ నీరు మరల భూమిలోనికే యింకుచున్నదా?

నాలుగవది: మోకాళ్లు వంపక నేల ముట్టుట, గడ్డమును ఱొమ్మునకు దాకించుట, చేతులు తలవెనుకకు జేర్చుట యను మూడు సులువైన పరీక్షలతో ఎముకల బిగువును అనుమానింపవచ్చును. యంత్రము లవసరము లేదు. మన యాశా కార్యకర్తలును ఏ.ఎన్.ఎం.లును ఈ పరీక్షలను జేయగలరా? కీళ్లనొప్పి మాత్రలు కొనుక్కొని మ్రింగుచున్న కూలీలలో ఎందఱికి అసలు రోగము నీటివలన వచ్చినది?

అయిదవది: కనిగిరి ప్రాంతమున మూత్రపిండ వ్యాధి యున్నదను మాట కొన్నేండ్లుగ వినబడుచున్నది. ఉద్దానమున ఆ వ్యాధికి గారణ మింకను నిశ్చితము కాలేదు. 2023లో పలాసలో దానికొఱకు ఆసుపత్రియు పరిశోధనాకేంద్రమును దెఱువబడినవి. మన చోట నీటికిని ఆ వ్యాధికిని సంబంధమున్నదో లేదో ఒక్క విద్యార్థి తేల్చజాలడు. కాని ఒక గ్రామమున వ్యాధిగ్రస్తులెందఱు, వారు ద్రాగిన నీరెట్టిది, వారు వాడిన మందులెవ్వి యని శ్రద్ధగ వ్రాసియుంచినచో తరువాతి పరిశోధకునకు బునాది దొరకును.

రెండు మాసములలో నేమి సాధింపవచ్చునని కొందఱు పెదవి విఱతురు. వారికి మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి యొక పనిని జ్ఞాపకము చేయుచున్నాము. చింతపండు తిన్నవారి మూత్రము ద్వారా ఫ్లోరైడు ఎక్కువగ వెలువడునా యను ప్రశ్నను వారు కొలదిమంది బడిపిల్లల సాయమున, మూడు వారములకు మించని కాలములో బరీక్షించి 2002లో ఫలితమును బ్రకటించిరి. ఎక్కువగ వెలువడినదని తేలెను. చింతపండు ఈ వ్యాధికి మందని దీని భావము కాదు. మన వంటింటి వస్తువును గూర్చి సూటియైన ప్రశ్న యడిగిన యెడల స్వల్పకాలములోనే నమ్మదగిన సమాధానము రాగలదని మాత్రమే దీని భావము. 1940లోనే పండిట్‌గారును వారి సహచరులును పోషకాహారము కొఱవడిన చోట ఎముకల వ్యాధి తీవ్రముగ నుండునని తలచియుండిరి. రాగులు, పాలు, ఆకుకూరలు తిను ఇంటికిని తినజాలని యింటికిని ఒకే బావి నీరు ఒకే కీడు చేయునా? ఈ ప్రశ్న నేటికిని పరిశోధింపదగినదే.

పరదేశపు టుదాహరణము నొకటి చెప్పుదుము. 1901లో ఫ్రెడరిక్ మెకే యను యువక దంతవైద్యుడు చదువు ముగించి అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమునకు వచ్చెను. ఆ యూరివారి పండ్లపై గోధుమరంగు మచ్చలను జూచి యిదేమని ప్రశ్నించెను. అడిగినవా రెవ్వరును సమాధానము చెప్పలేదు. ఆతడు విడువక పల్లెపల్లె తిరిగెను, పండ్లు లెక్కించెను, నీటిపై ననుమానపడెను. తుదకు 1931లో చర్చిల్ యను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ నీటిలో ఫ్లోరైడు హెచ్చుగ నున్నదని తేల్చెను. ముప్పదియేండ్లు పట్టినను ఆ జ్ఞానమునకు బీజము ప్రయోగశాలలో బడలేదు; ఊరివారి నోరు తెఱపించి చూచిన యువకుని ఆశ్చర్యములో బడినది. అచటి ప్రభుత్వము దీనివిలువ నెఱిగియే, ఆరోగ్యవృత్తులకు జదువు విద్యార్థులకు వేసవిలో రెండు మూడు మాసముల పరిశోధనా శిక్షణ మిప్పించుటకు జాతీయారోగ్య సంస్థలద్వారా కళాశాలలకు ధనసహాయము చేయుచున్నది.

ఇక దరఖాస్తు మాట. మా ప్రాంతపు విద్యార్థులు పలువురు దీనిని ఇంగ్లీషు పరీక్షవలె జూచి జంకుచున్నారు. జంకవలసిన దేమియు లేదు. కావలసినవి నాలుగు: ఒక ప్రశ్న, ఒక మార్గదర్శి, ఒక విధానము, ఒక యనుమతి. ప్రశ్న ఒక్క వాక్యములో జెప్పగలిగినంత యిఱుకుగ నుండవలెను. “ప్రకాశము జిల్లాలో ఫ్లోరోసిస్” అనునది ప్రశ్న కాదు. అది గ్రంథము పేరు. “వెలిగండ్ల యున్నతపాఠశాలలో పండ్రెండేండ్ల పిల్లలలో పండ్ల మచ్చలు గలవారెందఱు, వారు ఆఱేండ్లలోపు త్రాగిన నీరేది” అనునది ప్రశ్న. మార్గదర్శిని ముందుగనే యడుగవలెను. ఒక్క యధ్యాపకు డొక్క విద్యార్థికే మార్గదర్శి కావలెనను నియమ మున్నందున ఆలసించినవానికి గురువు దొరకడు. విధానమున ఎందఱిని జూచెదరు, ఎట్లు ఎన్నుకొనెదరు, దేనితో గొలిచెదరు అని స్పష్టముగ వ్రాయవలెను. అనుమతి యనగా కళాశాలలోని నైతిక సంఘముయొక్క యంగీకారము. అది లేనిదే ఒక్కరినైనను బరీక్షింపరాదు. ఆ సంఘము నెలకొకసారియో రెండు నెలలకొకసారియో కూడును గనుక ఎండలు ముదిరిన పిమ్మట గాక చలికాలముననే ప్రయత్నము మొదలిడుట మేలు.

వేతనము ఇటీవలి ప్రకటనలలో రెండు మాసములకు గలిపి 50,000 రూపాయలుగ నున్నది. గడువులు, అర్హతలు ఏటేట మాఱుచుండును గనుక ఆయా సంవత్సరపు ప్రకటనను జూచుకొనవలెను. అయితే ఈ సొమ్ము నివేదిక యంగీకృతమైన పిమ్మటనే చేతికి వచ్చును. పని జరుగునపుడు బస్సు ఖర్చులకు, పరీక్షా ద్రవ్యములకు విద్యార్థి తన జేబునుండియే పెట్టుకొనవలెను. కలిగినవాని బిడ్డకు ఇది లెక్కలోనిది కాదు. కౌలుదారుని బిడ్డకు, కూలివాని బిడ్డకు ఇదియే యడ్డు. మా ప్రాంతపు నీటి రోగము నెక్కువగ నెఱిగినవాడు ఆ రెండవ బిడ్డయే యని వేఱుగ జెప్పవలయునా?

ఇచటనే మన భూస్వాములకును పురప్రముఖులకును బని గలదు. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు చెన్నపట్టణ వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి చదివినవారు. అమెరికాకు బోవుటకు సొమ్ము లేనపుడు వారికి సాయపడినవానిలో కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధి యొకటి. 1925లో ఫిస్కెగారితో గలిసి వారు రూపొందించిన భాస్వర పరిమాణపద్ధతి వారి పేరుతో నేటికిని వ్యవహరింపబడుచున్నది. 1948లో వారు గతించువఱకు వారు చేసిన మేలు ప్రపంచ మెఱుగును. ఆ ధర్మనిధి యానాడు విద్యార్థిని కులమెద్ది, లాభమెద్ది యని లెక్కించుచు గూర్చుండినయెడల ఏమి జరిగియుండును? కల్యాణమంటపములకు, రథోత్సవములకు ధారాళముగ నిచ్చు మన పెద్దలు, ఏటేట ఒక్క విద్యార్థికి రెండు మాసముల బసయు భోజనమును, పదివేలో పదునైదువేలో చేబదులును ఇచ్చుట భారమగునా? వేతనము రాగానే తిరిగి యిచ్చునట్లు ఏర్పాటు చేసికొన్నను జాలును. అది దానము గూడ కాదు, పెట్టుబడి.

డబ్బుకంటె ముఖ్యమైన సాయము మఱియొకటి కలదు. ఊరిలో ఏ బోరు ఏ సంవత్సరమున వేసినది, ఎన్ని యడుగుల లోతు, ఏ యెండకు నెండినది, దాని స్థానమున మఱియొకటి ఎప్పుడు వేసినది అనునవి ఏ కచ్చేరి పుస్తకములోను సరిగ లేవు. అవి రైతుల జ్ఞాపకములో నున్నవి. పాత వ్యవసాయపు లెక్కలలో నున్నవి. పరిశోధకునకు ఈ చరిత్ర బంగారము. బోరు వేయించినవారు దానిని దాచక చెప్పవలెను. తమ బోరు నీటిలో ఫ్లోరైడు తేలినచో భూమి విలువ తగ్గునని కొందఱు నమూనా నీయ నిరాకరింతురని విందుము. నీరు చెడ్డదని కాగితముపై వ్రాసినంత మాత్రమున అది చెడిపోలేదు. వ్రాయనంత మాత్రమున బాగుపడబోదు. క్యాను నీరు గొనగల యజమాని తన పొలములో గూలివారు ద్రాగు నీటిమాట దాచుట న్యాయము కాదని సవినయముగ మనవి చేయుచున్నాము.

ఒక యాక్షేపణకు మేము సమాధానము చెప్పక తప్పదు. “ఈ పిల్లలు యోగ్యతాపత్రముకొఱకు వచ్చి మా పండ్లు చూచి, మా నీరు సీసాలలో నింపుకొని పోదురు, మాకేమి?” అని గ్రామస్థు లడుగుట కద్దు. ఇది నిర్లక్ష్యము చేయదగిన మాట కాదు. ఎనుబదియేండ్ల యనుభవము వారిచేత నిట్లు పలికించుచున్నది. మనుష్యులపై జేయు పరిశోధనకు మండలివారు 2017లో బ్రకటించిన నైతిక నియమములు, పరీక్షింపబడువానికి వాని భాషలో విషయమంతయు దెలిపి సమ్మతి గైకొనవలెననియు, పిల్లల విషయమున దలిదండ్రుల యంగీకారము కావలెననియు శాసించుచున్నవి. మేము దీనికి మఱియొకటి చేర్చగోరుదుము. నివేదిక మండలికి బంపిన వారములోనే దాని సారాంశమును రెండు పుటల తెలుగున వ్రాసి గ్రామసభలో చదివి వినిపింపవలెను. పాఠశాల గోడపై ఏ బోరు నీరు ద్రాగదగినది, ఏది వంటకును బనికిరానిది అని పట్టిక వ్రాయవలెను. ఈ పని చేయని విద్యార్థికి మరుసటి యేడు ఊరు తలుపు దెఱువనక్కఱలేదు. చేసినవానిని ఊరు తన బిడ్డగ నెంచవలెను.

ప్రభుత్వమువారికి, మండలివారికి మూడు విన్నపములు. మొదటిది, ఈ వేతనము వైద్య దంతవైద్య విద్యార్థులకే పరిమితమై యున్నది. ఆయుర్వేద విద్యార్థులకు కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలివారు 2022లో ఇట్టి పద్ధతినే స్పార్క్ అను పేర నారంభించిరి, సంతోషము. నర్సింగు, ఔషధశాస్త్రము, ప్రయోగశాలా విద్యలను జదువు వారికి గూడ ఈ ద్వారము దెఱువవలెను. పల్లెలో రోగిని మొదట జూచునది నర్సు, మందు నిచ్చువాడు ఔషధవిక్రేత, నీటిని గొలుచువాడు ప్రయోగశాలవాడు. వీరిని వెలుపల నుంచి చేయు పరిశోధన సగమే. రెండవది, గ్రామమున బనిచేయు విద్యార్థికి వేతనములో సగమైనను ముందుగ నిప్పింపవలెను. మూడవది, ఒంగోలు ప్రభుత్వ వైద్యకళాశాలయు దగ్గఱి జిల్లాల కళాశాలలును పడమటి మండలముల నీటిరోగములను ఏటేట కొనసాగు ప్రశ్నలుగ నేర్పఱచుకొని, ఈ యేటి విద్యార్థి విడిచినచోట వచ్చు నేటి విద్యార్థి యందుకొనునట్లు లెక్కల నొకచోట భద్రపఱుపవలెను. విడివిడిగ జూచిన నివి చిన్న నివేదికలే. పదియేండ్లు వరుసగ నొకే యూరిలో జరిగినచో నట్టి లెక్కకు దేశమున సాటి యుండదు.

1941లో మహాత్ముడు ప్రకటించిన నిర్మాణ కార్యక్రమములో ఆరోగ్యమునుగూర్చిన విద్యయు నొక యంశముగ నుండెను. చెఱసాలకు బోవుట యెంత దేశసేవయో, పల్లె నీటిని బరిశుభ్రముగ నుంచుట యంత దేశసేవ యని మా తలంపు. తన ఊరి నీటిలో నేమున్నదో తానెఱుగని జాతికి స్వరాజ్యము సగమే లభించినది. ఆ రెండవ సగమును తెచ్చుటకు ఖడ్గములు, ఊరేగింపులు అక్కఱలేదు. ఒక పుస్తకము, కొన్ని సీసాలు, అడుగ నేర్చిన యొక విద్యార్థి, దాచక చెప్పు నొక రైతు చాలును.

వెలిగండ్ల, పామూరు, హనుమంతునిపాడు, చంద్రశేఖరపురము, కనిగిరి ప్రాంతములనుండి వైద్యకళాశాలలకు జేరిన విద్యార్థినీ విద్యార్థులారా! చలికాలపు సెలవులకు మీరు ఇంటికి వచ్చినపుడు మీ యూరి బడికి పోయి పిల్లలను నవ్వుమనుడు. ఆ పండ్లను జూచి మీకు దోచిన ప్రశ్నను వ్రాసికొని మీ గురువు నొద్దకు బొండు. గడువులోపల దరఖాస్తు పంపుడు. ఒకసారి నిరాకరింపబడినచో మరుసటి యేడు సవరించి మరల బంపుడు. పెద్దలారా! ఆ బిడ్డ మీ గుమ్మము ముందు నీటిసీసాతో నిలిచినపుడు పొమ్మనకుడు. లోనికి బిలిచి మజ్జిగ యిచ్చి, మీ బోరు కథ యంతయు జెప్పుడు.